మార్చి పేజీ

మా బ్యాంకు గోడమీద క్యాలెండర్లో
మార్చి నెలంతా ఆల్ప్స్.
పైన మంచు, అడుగున పసుపు పూలు,
మధ్యలో ఎర్రచొక్కా వాడొకడు
రెండు చెక్కల మీద జారుతుంటాడు.
ముప్పై ఒక్క రోజులూ జారతాడు, కిందికి మాత్రం చేరడు.
వాడి కాళ్ల కింద గళ్లలో
పెన్సిలుతో నా రాతలు:
మొండి బాకీలు, లాకరు అద్దెలు, ఆడిట్, మళ్లీ ఆడిట్.
రెండో ఆదివారం గడిలో ఒక్కటే మాట.
కొండ.

నాలుగున్నరకి ఎంవీపీ డబుల్ రోడ్డు మీద
మా సైకిళ్లూ కుక్కలూ తప్ప ఎవరూ లేరు.
గ్లోరియా టీచర్ ముందుంది,
ఆమె వెనక దీపం ఎర్రగా కన్నుకొడుతోంది.
కైలాసగిరి మూడో మలుపులో
నా ఊపిరి సైకిల్ దిగిపోయింది,
నేను దిగలేదు.
"అక్కా, గేరు మార్చు!" నూకరాజు కేక.
ఇంకేం మార్చను నాయనా,
పెళ్లయిన దగ్గర్నుంచీ ఒకటో నంబరు మీదే ఉన్నాను.
పైన అందరూ సూర్యోదయం చూశారట.
నేను రెయిలింగు పట్టుకుని
వాంతి ఆపుకుంటున్నాను.
ముక్కులోకి ఎక్కడిదో జీడిపూత వాసన వచ్చింది,
అదే నా సూర్యోదయం.

సైకిళ్లు ట్రాలీ ఆటోకెక్కించి
యారాడ కొండ వెనక్కి.
అక్కడొక రాయి, మూడంతస్తుల ఎత్తు,
తుప్పు రంగు, సముద్రం వైపు ముఖం.
నూకరాజు నా నడుముకి ముడి వేశాడు.
"మా తాత తెప్పకి కట్టే ముడే ఇది.
అప్పుడు సంద్రం లాగీది, ఇప్పుడు నువ్వు లాగుతావు, అంతే."
కిల్లో సొన్ను, కేజీహెచ్‌లో నర్సు,
నైట్ డ్యూటీ నుంచి తిన్నగా వచ్చిన మనిషి,
చెప్పులు విడిచి
ఆవుని తట్టినట్టు రాతిని తట్టింది.
"మా ఊళ్లో దీన్ని ఆట అనరు,
తేనెకి పోవడం అంటారు"
అని మా మాట వినపడనంత పైకి పోయింది.

నా వంతు.
ఇరవై అడుగుల దగ్గర కుడికాలు
అమ్మ కుట్టుమిషను తొక్కడం మొదలెట్టింది.
ఆపు, అన్నాను. ఆగలేదు.
వేళ్లకి దొరికిన అంచు
బియ్యపు గింజంత.
దాన్ని పట్టుకుని, దేవుడి పేర్లన్నీ అయిపోయి,
మేనేజరు పేరు కూడా తలుచుకుని,
జారాను.

ఒక అరక్షణం
నా బరువు ఎవరిదీ కాదు.

తర్వాత ముడి పట్టుకుంది.
గాల్లో మెల్లగా ఇటు తిరిగితే
అవుటర్ హార్బర్ అవతల ఓడలు,
టోకెన్లు పుచ్చుకుని పిలుపు కోసం
కూర్చున్న ఖాతాదార్లు.
కూర్చోండి బాబూ, అన్నాను.
ఇవాళ కౌంటర్ లేదు.

మధ్యాహ్నం గ్లోరియా సీసా విప్పింది:
తరవాణి, ఉల్లిపాయ, పొట్లంలో వేయించిన నెత్తళ్లు.
పదకొండుకే ఎండ నెత్తిమీద కూర్చుంది.
ఊరి పిల్లలు అయిదారుగురు
ఎర్రమట్టి వాలు మీద
తాటిమట్టలెక్కి జారుతున్నారు.
"ఆంటీ, ఎక్కుతావేటి?"
ఎక్కాను.
మంచు లేదు, చెక్కల్లేవు,
మట్ట కింద మట్టి బరబరా గొణిగింది,
దుమ్ము, నోట్లో దుమ్ము, కళ్లలో సముద్రం పక్కకి ఒరిగి
నా గొంతులోంచి పదేళ్ల పిల్లెవత్తో అరిచింది.
కిందికి చేరాను.
లేచి, మట్ట భుజాన వేసుకుని
మళ్లీ పైకి నడిచాను.

సోమవారం. గోళ్లలో ఇంకా ఎరుపు.
గోడ మీద వాడు జారుతూనే ఉన్నాడు.
పింఛను కోసం వచ్చిన బోని అసిరమ్మగారు
నా మోచేతి మీద చెక్కుడు చూసి
పాసుబుక్కు ఇవ్వడం ఆపేసింది.
"ఏటమ్మా, పడ్డావేటి?"

"ఆఁ" అన్నాను, స్టాంపు గట్టిగా గుద్దుతూ.
"నాలుగుసార్లు."